తలనొప్పి మాత్ర అడిగితే ఫార్మసిస్ట్ ఇన్ని ప్రశ్నలు ఎందుకు వేస్తారు?

నీలికలువ:
నమస్కారం. ఇక్కడ ఫార్మసిస్టులు, ఫార్మసీ చదివేవాళ్లు ఉన్నారని తెలిసే అడుగుతున్నాను. తలనొప్పికి మాత్ర కొందామని వెళితే ఈమధ్య ప్రశ్నలు ఎక్కువయ్యాయి. "మీకేనా? ఎన్నాళ్ల నుంచి? వేరే మందులేమైనా వాడుతున్నారా? ఈ నెలలో ఎన్ని రోజులు వేసుకున్నారు?" అని. ఆ చివరిదానికి నా దగ్గర జవాబు లేదు. ఎవరు లెక్కపెడతారండీ! డాక్టర్ దాకా వెళ్లేంత విషయం కాదనే కదా నేరుగా మందుల షాపుకు వెళ్లేది. ఈ ప్రశ్నల వల్ల నిజంగా ఏమైనా ఉపయోగం ఉందా, లేక వాళ్ల ఫార్మాలిటీయా?

పాతకాపు:
ఫార్మాలిటీయే. పారాసిటమాల్‌కి ఇంటర్వ్యూ ఏమిటండీ. పేరు చెప్పామా, ఇచ్చారా, డబ్బు కట్టి వచ్చేశామా అన్నట్టు ఉండాలి.

కౌంటర్‌వెనక:
నేను ఫార్మసిస్ట్‌ని. నీలికలువ గారూ, మీరు జవాబు చెప్పలేకపోయిన ఆ ప్రశ్నే అన్నిటికన్నా విలువైనది. దాని సంగతి చివర్లో చెబుతాను.

మాకు చదువుకునే రోజుల్లోనే ఒక వరస అలవాటు చేస్తారు. మందు ఎవరికి, బాధ ఎలా ఉంది, ఎంతకాలంగా ఉంది, ఇప్పటికే ఏం వేసుకుని చూశారు, వేరే ఏ మందులు నడుస్తున్నాయి. ఐదూ అడగడానికి ఒక నిమిషం చాలు.

కొనేది ఒకరు, వేసుకునేది ఇంకొకరు కావడం చాలా మామూలు. అడిగినది యాస్పిరిన్, వేసుకునేది పదమూడేళ్ల పిల్లాడు అనుకోండి. ఇవ్వం. 16 ఏళ్ల లోపు వాళ్లకు యాస్పిరిన్ వద్దంటారు, ముఖ్యంగా వైరల్ జ్వరం ఉన్నప్పుడు. రేయ్స్ సిండ్రోమ్ అని కాలేయాన్నీ మెదడునూ దెబ్బతీసే జబ్బు రావచ్చు. అరుదే, కానీ వస్తే ప్రాణం మీదకు వస్తుంది. గర్భిణి అయితే ఐబుప్రొఫెన్ పక్కన పెట్టి పారాసిటమాల్ గురించి మాట్లాడతాం. 20 వారాలు దాటాక ఐబుప్రొఫెన్ రకం మందులు వాడొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో హెచ్చరించింది కూడా. కడుపులో బిడ్డ కిడ్నీలకు ఇబ్బంది, ఉమ్మనీరు తగ్గిపోవచ్చు.

ఇక "వేరే మందులు వాడుతున్నారా" అంటే నూటికి తొంభైమంది "ఏమీ లేవండీ" అనేస్తారు. "బీపీకి?" అని విడిగా అడగాలి. అప్పుడు "ఆ, అది రోజూ వేసుకునేదే కదా" అంటారు. రోజూ వేసుకునేది చాలామంది లెక్కలో మందు కిందికి రాదు! కానీ మాకు కావలసింది సరిగ్గా అదే. కొన్ని రకాల బీపీ మాత్రలు, వాటితోపాటు ఒంట్లో నీరు తీసే మాత్ర వాడే మనిషి పైన ఐబుప్రొఫెన్ కూడా మొదలుపెడితే, మూడూ కలిసి కిడ్నీలను దెబ్బతీయగలవు. గుండె కోసం తక్కువ డోసు యాస్పిరిన్ వాడేవాళ్లలో ఐబుప్రొఫెన్ ఆ యాస్పిరిన్ పనికి అడ్డుపడవచ్చు. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్లకు ఐబుప్రొఫెన్ అసలు మాట్లాడకూడని మందు. అంతేకాదు, అమాయకంగా కనిపించే పారాసిటమాల్‌ని కూడా వాళ్లు రోజుల తరబడి వేసుకుంటే రక్తం గడ్డకట్టే పరీక్ష ఫలితం మారుతుంది. డిప్రెషన్‌కి వాడే కొన్ని మాత్రలతో ఐబుప్రొఫెన్ కలిస్తే కడుపులో రక్తస్రావం అయ్యే అవకాశం పెరుగుతుంది. ఇవన్నీ "మామూలు తలనొప్పి మాత్ర" సంగతులే.

చివరి ప్రశ్న: తలనొప్పి మాత్రలు మరీ ఎక్కువ రోజులు వాడితే, ఆ వాడకమే తలనొప్పిని నిలబెడుతుంది. నెలలో ఎన్ని రోజులు అని అడిగేది దీన్ని పట్టుకోవడానికే.

సందేహాలరావు:
ఆగండాగండి. తలనొప్పి మాత్ర వల్ల తలనొప్పి వస్తుందా? మరి వేసుకున్న అరగంటకు తగ్గుతోంది కదా? తగ్గించేదే తెప్పిస్తుందంటే నమ్మబుద్ధి కావట్లేదు.

కౌంటర్‌వెనక:
తగ్గడం నిజమే. మందు దిగిపోయాక మళ్లీ వస్తుంది, మళ్లీ వేసుకుంటారు, అదీ తగ్గుతుంది. ఈలోపు నొప్పిని గ్రహించే వ్యవస్థ మొత్తం సున్నితంగా మారిపోయి, మందు లేకుండా ఉండలేని స్థితికి వస్తుంది. అందుకే ఈ తలనొప్పి ఉన్నవాళ్లు ఎప్పుడూ "ఈ మాత్ర లేకపోతే నాకు గడవదు" అంటారు. వాళ్ల మాట అబద్ధం కాదు, సమస్య కూడా అక్కడే ఉంది.

అంతర్జాతీయంగా తలనొప్పులను వర్గీకరించే పద్ధతిలో దీనికి లెక్కలున్నాయి. తలనొప్పి నెలలో 15 రోజులు లేదా అంతకన్నా ఎక్కువ ఉండాలి. మూడు నెలలు దాటి మందు అతిగా వాడుతూ ఉండాలి. "అతిగా" అంటే ఒక్క పారాసిటమాలో, ఐబుప్రొఫెనో, యాస్పిరినో అయితే నెలకు 15 రోజులు. రెండు మూడు మందులు కలిపిన మాత్రలు, కోడీన్ లాంటి ఓపియాయిడ్లు (నల్లమందు కోవ నొప్పి మందులు) ఉన్నవి, మైగ్రేన్‌కి వాడే ట్రిప్టాన్లు అయితే 10 రోజులే.

ఇక్కడ లెక్క రోజులదే, మాత్రలది కాదు. ఒకే రోజు డోసు ప్రకారం ఆరు మాత్రలు వేసుకుని తర్వాత రెండు వారాలు ముట్టుకోనివాళ్లకు ఈ ముప్పు తక్కువ. రోజూ పొద్దున్నే "వస్తుందేమో" అని ఒక్కటే వేసుకునేవాళ్లకు ఎక్కువ. జనం మాత్రం ఉల్టాగా అనుకుంటారు, "నేను రోజుకు ఒక్కటే వేసుకుంటానండీ" అని గర్వంగా చెబుతారు.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఇది ఎవరికి పడితే వాళ్లకు రాదు. కీళ్లనొప్పులకు రోజూ నొప్పి మాత్రలు వాడే మనిషికి, ముందునుంచీ తలనొప్పి స్వభావం లేకపోతే, సాధారణంగా ఇలాంటి తలనొప్పి పట్టుకోదు. మైగ్రేనో, టెన్షన్ తలనొప్పో ముందే ఉన్నవాళ్లకే ఈ బెడద.

పాతకాపు:
సరే, ఒప్పుకుందాం. కానీ వెనక ఇంకో నలుగురు నిలబడి వింటుంటే "మీరు ఏ మందులు వాడుతున్నారు, గర్భిణియా, డిప్రెషన్ ఉందా" అని అడిగితే ఎవరు నిజం చెబుతారు? పైగా మీరు ఇవ్వకపోతే పక్క షాపులో ఇస్తారు. అక్కడ ఏమీ అడగరు. మీ నిమిషం వల్ల ఎవరికి లాభం?

వేకువపిట్ట:
పాతకాపు గారూ, నాకు లాభం కలిగింది, అందుకే రాస్తున్నాను. నాకు కాలేజీ రోజుల నుంచి మైగ్రేన్. ఒకసారి మందుల షాపులో ఒకావిడ గొంతు తగ్గించి, కౌంటర్ పక్కకు పిలిచి రెండే అడిగింది. "నొప్పి రాకముందు కళ్ల ముందు మెరుపుల్లా, వంకర గీతల్లా ఏమైనా కనిపిస్తాయా? గర్భం రాకుండా మాత్రలు వాడుతున్నారా?" రెండింటికీ అవునన్నాను. ఆవిడ మాత్ర ఇచ్చింది గానీ, ఆ గర్భనిరోధక మాత్రల గురించి ఈ వారంలోనే డాక్టర్‌తో మాట్లాడండి అని గట్టిగా చెప్పింది. డాక్టర్ వెంటనే వేరే రకానికి మార్చారు. తలనొప్పి మాత్ర కోసం వెళ్తే వేరే మందు సంగతి ఎత్తుతుందేమిటి అని నాకు అప్పుడు విసుగు పుట్టిన మాట నిజం.

కౌంటర్‌వెనక:
వేకువపిట్ట గారు చెప్పినది పెద్ద విషయం, చదివేవాళ్లు దాటేయకండి. ఆ మెరుపులను ఆరా అంటాం. ఆరా ఉన్న మైగ్రేన్, ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు, ఈ రెండూ కలిస్తే పక్షవాతం వచ్చే అవకాశం పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల్లో ఆరా ఉన్నవాళ్లకు ఆ రకం మాత్రలు వాడకూడని కోవలోనే ఉన్నాయి. పొగతాగే అలవాటు కూడా తోడైతే ఇంకా ముప్పు.

పాతకాపు గారు అన్న రెండు మాటల్లో మొదటిది నేనూ ఒప్పుకుంటాను. నలుగురిలో అడగడం తప్పే. గొంతు తగ్గించాలి, పక్కకు పిలవాలి, చీటీ మీద రాసి చూపమన్నా పరవాలేదు. అది చేతకాని ఫార్మసిస్ట్‌కు నిజాలు దొరకవు.

రెండోదానికి నా జవాబు వేరు. ఇవ్వను అనడం సలహా కాదు. నేను ఇవ్వకుండా పంపిస్తే మనిషి వెళ్లిపోతాడు, తలనొప్పి అతనితోనే ఉంటుంది, నేను చెప్పాల్సింది నా దగ్గరే మిగిలిపోతుంది. చాలాసార్లు చిన్న పొట్లం ఇచ్చి, "రేపట్నుంచి వేసుకున్న రోజున క్యాలెండర్‌లో గుర్తు పెట్టండి, మళ్లీ కొనడానికి వచ్చినప్పుడు నాకు చూపించండి" అంటాను. తిరిగొచ్చినవాళ్లతోనే అసలు మాటలు జరుగుతాయి.

బీఫార్మ్_మూడోఏడు:
సార్, పుస్తకంలో పొట్లం సైజు తగ్గించడం గురించి చదివాం. బ్రిటన్‌లో 1998 నుంచి మామూలు దుకాణాల్లో పారాసిటమాల్ 16 మాత్రల పొట్లాలకు, ఫార్మసీలో 32కి పరిమితం చేశారు కదా. తలనొప్పి కోసమేనా అది?

కౌంటర్‌వెనక:
కాదమ్మా, అది ముఖ్యంగా మోతాదు మించి మింగి కాలేయం పాడైన కేసులు తగ్గించడానికి. కానీ కోడీన్ కథ మన చర్చకు దగ్గరగా వస్తుంది. కోడీన్ కలిసిన నొప్పి మాత్రలకు అలవాటు పడిపోతున్నారని ఆస్ట్రేలియా 2018 ఫిబ్రవరి 1 నుంచి డాక్టర్ చీటీ లేకుండా వాటి అమ్మకం ఆపేసింది. ఫ్రాన్స్ అంతకు ముందు సంవత్సరమే ఆపింది. నా అభిప్రాయంలో తలనొప్పికి కోడీన్ మొదటి మందూ కాదు, రెండో మందూ కాదు.

పారాసిటమాల్ మోతాదు గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు ఒకసారికి 500 నుంచి 1000 మిల్లీగ్రాములు, కనీసం నాలుగు గంటల ఎడం, 24 గంటల్లో 4 గ్రాములు మించకూడదు. బరువు 50 కిలోల లోపు ఉన్నవాళ్లకు, కాలేయం జబ్బు ఉన్నవాళ్లకు, మద్యం బాగా అలవాటున్నవాళ్లకు ఇంకా తక్కువ. మోతాదు మించడం ఎక్కువగా ఎలా జరుగుతుందంటే, తలనొప్పికి ఒకటి, జలుబుకి ఒకటి, ఒళ్లునొప్పులకు ఇంకొకటి వేసుకుంటారు. పేర్లు మూడు, లోపల పారాసిటమాల్ ఒకటే. పొట్లం వెనక్కి తిప్పి చదివితే కనిపిస్తుంది.

సందేహాలరావు:
కెఫీన్ కలిపిన మాత్రలు ఉంటాయి కదా. అవి బాగా పనిచేస్తాయంటారు. అవి మంచివేనా?

బీఫార్మ్_మూడోఏడు:
కెఫీన్ నొప్పి మందు ప్రభావాన్ని కొంచెం పెంచుతుందని చదివాను. కానీ కలిపిన మాత్ర కాబట్టి పది రోజుల లెక్కలోకి వస్తుంది, కదా సార్?

కౌంటర్‌వెనక:
సరిగ్గా చెప్పావు. ఎప్పుడో ఒకసారి వాడితే ఉపయోగమే. రోజూ కాఫీ, టీలు బాగా తాగేవాళ్లు అకస్మాత్తుగా మానేస్తే 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలవుతుంది. అది తెలియక కెఫీన్ మాత్ర వేసుకుంటే హాయిగా తగ్గుతుంది, "అద్భుతమైన మందు" అనుకుంటారు. అది మానేసిన కెఫీన్‌ని మళ్లీ అందించడమే. అందుకే సెలవు రోజున మాత్రమే తలనొప్పి వచ్చేవాళ్లను, ఆ రోజు కాఫీ ఎన్నింటికి తాగుతారని అడుగుతాను.

డ్యూటీడాక్టర్:
ఫార్మసిస్ట్ గారు బాగా చెబుతున్నారు. నా వైపు నుంచి ఒకటి కలుపుతాను, ఎందుకంటే ఎమర్జెన్సీలో ఉండేవాళ్లకు కనిపించేది ఇంకో ముఖం.

మాత్రతో పని కాని తలనొప్పులు కొన్ని ఉన్నాయి. ఒక్క నిమిషంలోపు తారస్థాయికి చేరిన నొప్పి, "ఇలాంటిది జన్మలో రాలేదు" అన్నారంటే మెదడు చుట్టూ రక్తస్రావం కావచ్చు, నేరుగా ఆసుపత్రి. తలనొప్పితోపాటు జ్వరం ఉండి మెడ బిగుసుకుపోతే కూడా అంతే. మాట తడబడినా, మూతి వంకర పోయినా, చెయ్యో కాలో పట్టు తప్పినా ఆలస్యం చేయకూడదు. తలకు దెబ్బ తగిలాక వచ్చిన తలనొప్పి, అందులోనూ రక్తం పలచబడే మందులు వాడే పెద్దవాళ్లయితే, దెబ్బ చిన్నదైనా చూపించాలి. 50 దాటాక కొత్తగా మొదలైన తలనొప్పి, దువ్వెన తగిలితే మాడు నొప్పి, నమిలితే దవడ నొప్పి ఉంటే కణత దగ్గరి రక్తనాళాల వాపు అయ్యుండవచ్చు. ఆలస్యమైతే చూపు పోతుంది. ఆరో నెల, ఏడో నెల గర్భిణికి గట్టి తలనొప్పి వచ్చి కళ్లు మసకబారితే బీపీ చూడకుండా మాత్ర ఇవ్వకూడదు.

ఈ మనుషులందరూ కూడా ముందు అడిగేది "తలనొప్పికి ఒక మాత్ర ఇవ్వండి" అనే. అదే వాక్యం, అదే గొంతు. అడిగితే తప్ప తేడా తెలియదు.

పాతకాపు:
డాక్టర్ గారూ, భయపెడుతున్నారు.

డ్యూటీడాక్టర్:
భయపడాల్సిన పనిలేదు. తలనొప్పుల్లో ఇలాంటివి బాగా తక్కువ. పదేళ్లుగా ఒకే తీరులో వచ్చిపోతున్న తలనొప్పికి కంగారు అక్కర్లేదు. తీరు మారితే మాత్రం చూపించండి.

బీఫార్మ్_మూడోఏడు:
ఒక డౌట్. మైగ్రేన్, టెన్షన్ తలనొప్పి తేడాలు పట్టికలా బట్టీపట్టాం. కౌంటర్‌లో అంత సమయం ఉండదు కదా, ఎలా గుర్తుపడతారు?

కౌంటర్‌వెనక:
మూడు అడుగుతాను. నొప్పితో వికారం ఉంటుందా, వెలుతురు చూడలేకపోతున్నారా, నొప్పి వల్ల పనులు ఆగిపోతున్నాయా. మూడింట్లో రెండు అవునంటే మైగ్రేన్ అనుకుని మాట్లాడతాను. తల చుట్టూ పట్టీ బిగించినట్టు రెండువైపులా ఉండి, లేచి పని చేసుకోగలిగితే టెన్షన్ రకం. ఒక కంటి చుట్టూ పొడిచేసినట్టు నొప్పి, ఆ కన్నే ఎర్రబడి నీరు కారడం, మనిషి ఒకచోట కూర్చోలేక తిరగడం, ఇది క్లస్టర్ తలనొప్పి. మా మాత్రలకు లొంగదు, డాక్టర్ దగ్గరికే. "సైనస్ అండీ" అని వచ్చేవాళ్లలో చాలామందిది నిజానికి మైగ్రేనే. మైగ్రేన్‌లో కూడా ముక్కు దిబ్బడ, ముఖం బరువు ఉంటాయి మరి.

మైగ్రేన్ అని తెలిస్తే సలహా మారుతుంది. నొప్పి ముదిరేదాకా ఓర్చుకోవద్దు, మొదట్లోనే సరిపడా డోసు వేసుకోవాలి. మైగ్రేన్‌లో కడుపు కదలిక మందగిస్తుంది, మింగిన మాత్ర అక్కడే కూర్చుంటుంది. అందుకే నీళ్లలో కరిగేవి నయం. ఇవి చాలనివాళ్లకు ట్రిప్టాన్లు ఉన్నాయి. బ్రిటన్‌లో 2006 నుంచి సుమట్రిప్టాన్ 50 మిల్లీగ్రాముల మాత్రను ఫార్మసిస్టే ప్రశ్నలు వేసి ఇవ్వవచ్చు, 18 నుంచి 65 ఏళ్ల వాళ్లకు. గుండెజబ్బు, అదుపులో లేని బీపీ, పక్షవాతం చరిత్ర ఉంటే ఇవ్వకూడదు. ఆరా దశలో వేసుకోకుండా నొప్పి మొదలైనప్పుడు వేసుకోవాలి. మొదటి మాత్రకు అసలు తగ్గకపోతే అదే నొప్పికి రెండోది వద్దు. తగ్గి మళ్లీ వస్తేనే, అదీ రెండు గంటల తర్వాత.

నీలికలువ:
ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. నిన్న ఫోన్‌లో డబ్బు కట్టిన వివరాలు, చేతిసంచిలో మిగిలిన షీట్లు చూసుకుని అంచనా వేశాను. మీరు చెప్పిన 15 రోజుల గీత దాటేశాను, అది కూడా రెండు మందులు కలిసిన మాత్రతో. ఇప్పుడు ఒక్కసారిగా ఆపేయొచ్చా? భయంగా ఉంది, ఆఫీసు ఉంది.

కౌంటర్‌వెనక:
ముందు ఆ షీటు వెనక ఏమేం కలిశాయో చూడండి. కోడీన్, ట్రమడాల్, లేదా నిద్ర మందు రకం ఏదైనా ఉంటే సొంతంగా ఆపకండి, డాక్టర్ దగ్గర మెల్లగా తగ్గించుకోవాలి. అవి లేకుండా పారాసిటమాల్, ఐబుప్రొఫెన్, కెఫీన్ లాంటివే అయితే సాధారణంగా ఒక్కసారే ఆపమంటారు.

ఆపాక తలనొప్పి ముందు పెరుగుతుంది. రెండు రోజుల నుంచి పది రోజుల దాకా గట్టిగానే ఉండవచ్చు. వికారం, నిద్రపట్టకపోవడం, చిరాకు కూడా. చాలామంది మూడో రోజున "చూశారా, మాత్ర లేకపోతే ఇదీ నా పరిస్థితి" అని మళ్లీ మొదలుపెడతారు. ఇది ముందే తెలిస్తే దాటడం తేలిక. ఆఫీసులో పని తక్కువగా ఉండే వారం చూసుకుని మొదలుపెట్టండి, ఇంట్లోవాళ్లకు చెప్పండి. ఈలోపు డాక్టర్‌ని కలవడం మంచిది. అడుగున ఉన్నది మైగ్రేన్ అయితే రాకుండా ఆపే మందులు వేరే ఉన్నాయి, అవి మా చేతుల్లో లేవు. కలిసేటప్పుడు క్యాలెండర్ గుర్తులు తీసుకెళ్లండి: నొప్పి వచ్చిన రోజు, మాత్ర వేసుకున్న రోజు, ఏ మాత్ర. నెలసరి రోజులు కూడా గుర్తు పెట్టండి.

వేకువపిట్ట:
నీలికలువ గారూ, మొదటి వారం నిజంగా కష్టం. నేను దాటాను. మధ్యాహ్నాలు మరీ ఇబ్బంది పెడతాయి. కావాలంటే మెసేజ్ పెట్టండి.

నీలికలువ:
తప్పకుండా. షీటు చూశాను, పారాసిటమాల్, కెఫీన్. కోడీన్ లేదు.

పాతకాపు:
ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నాను. పైన ఎక్కడో "కొన్ని రకాల బీపీ మాత్రలు" అన్నారు. నా మాత్ర పేరు చివర "ప్రిల్" అని ఉంది. అది ఆ రకమేనా?

కౌంటర్‌వెనక:
అవునండీ, ఆ రకమే. "సార్టాన్" అని ముగిసేవి కూడా అంతే. నీరు తీసే మాత్ర కూడా ఇచ్చారా?

పాతకాపు:
పొద్దున్నే ఒకటి ఉంది. చిన్నది.

కౌంటర్‌వెనక:
తలనొప్పికి ఏం వేసుకుంటున్నారు? ఎవరూ వినట్లేదు, చెప్పండి.